గాజుతొట్టెలో గట్టు

"తొట్టెలో నీళ్ళు వెలితిగా ఉన్నాయే. నిండా పొయ్యి."

"పోస్తానండి. మీరు టిఫిను తినేసి వెళ్ళండి."

"ఆకివీడులో తింటాలే. నువ్వు మాత్రం మర్చిపోకు. అంచు దాకా పొయ్యాలి."

"అలాగేనండి."

మా ఆయనకీ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. తర్వాత ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. నేను బిందెతో నీళ్ళు తెచ్చి తొట్టె నింపాను. ఆ మధ్యాహ్నం ఆకివీడు దగ్గర ఒక చెరువు మీద చేపలు పడుతుండగా, ఆయన గుండె పట్టుకుని గట్టు మీద కూర్చుండిపోయారట. చేపల కోసం వచ్చిన లారీలోనే ఆస్పత్రికి తీసుకెళ్ళారు. దారిలోనే పోయారు. దాని గురించి ఇంతకన్నా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. నేను చెప్పదలచుకున్నది తాబేలు గురించి.

నాకు సంతకం చెయ్యడం వచ్చు. బస్సు మీద ఊరి పేరు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి రాదు. నేను చెబుతుంటే మా తోడికోడలు రాస్తోంది. మా మరిదీ తనూ ఏలూరులో మా ఇంటి మేడ మీద వాటాలో ఉంటారు. కింద వాటాలో మా ఆయనా నేనూ ఉండేవాళ్ళం. ఇప్పుడు నేనూ తాబేలూ ఉంటున్నాం.

మా ఆయన పెళ్ళయిన నాటి నుంచీ చేపల చెరువుల మీదే పని చేశారు. సొంత చెరువులు కావు. కైకలూరు చుట్టుపక్కల రైతుల చెరువులు చూసిపెట్టేవారు. ఆ రోజుల్లో మా కాపురం గట్టు మీదే, రేకుల షెడ్డులో. ముందు తలుపు తీస్తే ఒక చెరువు, వెనక తలుపు తీస్తే ఇంకో చెరువు. మోకాళ్ళు నొప్పులు వచ్చాక గట్ల మీద తిరగలేక నేను ఏలూరు వచ్చేశాను. ఆయన మాత్రం పొద్దున్నే బస్సెక్కి చెరువుల మీదకి వెళ్ళి సాయంత్రానికి వచ్చేవారు. ఇంటికొచ్చాక ఆయనకి ఏమీ తోచేది కాదు. చూడడానికి నీళ్ళు లేవు కదా.

ఒకసారి తాడేపల్లిగూడెం ఎవరిదో పెళ్ళికి వెళ్ళి, వచ్చేటప్పుడు చిన్న ప్లాస్టిక్ డబ్బా పట్టుకొచ్చారు. అందులో రూపాయి బిళ్ళంత తాబేలు పిల్ల. ఆకుపచ్చగా ఉంది. చెవి దగ్గర ఎర్రటి చార. "ఇదేంటండీ" అన్నాను. "మన చెరువు" అన్నారు. మర్నాడు గాజుతొట్టె కూడా వచ్చింది. దాన్ని మెట్ల కింద బల్ల మీద పెట్టారు. అక్కడ చల్లగా ఉంటుందని, ఎండ పడితే నీళ్ళు పచ్చబడతాయని.

దానికి మేమేమీ పేరు పెట్టలేదు. చెరువుల మీద బతికిన వాళ్ళం, నీళ్ళలో ఉన్నవాటికి పేర్లు పెట్టడం మాకు అలవాటు లేదు. "దానికి మేత వేశావా" అంటే దానికే.

ఆయన ఆ తొట్టెని చెరువులాగానే చూసుకున్నారు. చెరువులో చేపలకి మేత ఎలా పెడతారంటే, తవుడూ వేరుశనగ చెక్కా కలిపి సంచిలో పోసి, సంచికి కన్నాలు పెట్టి, నీళ్ళలో పాతిన కర్రకి కడతారు. చేపలు వచ్చి పొడుచుకుని తింటాయి. ఈయన పాత జేబురుమాలుతో వేలెడంత సంచి కుట్టించారు నా చేత. దానికి సూదితో కన్నాలు. అందులో తవుడు. గాజుకి ఓ పుల్ల అడ్డం పెట్టి దానికి వేలాడదీశారు. తాబేలు పిల్ల రెండు రోజులు దాని చుట్టూ తిరిగి, మూడో రోజు సంచిని చింపేసింది. ఈయన తెగ నవ్వుకున్నారు. మా మరిదిని పిలిచి చూపించారు. ఆ తర్వాత చెరువుల దగ్గర్నుంచి గింజల్లా ఉండే చేపల మేత తెచ్చి వేసేవారు. అది పెరిగి అరచేతి కన్నా పెద్దదయింది.

నీళ్ళు మాత్రం ఎప్పుడూ అంచు దాకా ఉండాలి. అది ఆయన పట్టుదల. చెరువుల్లో నీరు తగ్గిందంటే చేపలకి రోగం వచ్చినట్టే. ఎండకి నీరు వేడెక్కుతుంది, గాలి చాలదు. తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచాయంటే ఇంక నిద్ర లేదు. మోటారు వేసి కొత్త నీరు పెట్టాలి, పడవేసుకుని తిరుగుతూ నీళ్ళు కలబెట్టాలి. లేకపోతే పొద్దెక్కేసరికి చెరువంతా తెల్లగా తేలుతుంది. అలా తేలిన చెరువుని నేను చూశాను. రైతు గట్టు మీద కూర్చుని కాకుల్ని తోలుతున్నాడు. అందుకని మాకు తెలిసిన వైద్యం ఒకటే. నీళ్ళలో ఉన్నది పైకొచ్చి నోరు తెరిస్తే, ఇంకా నీళ్ళు పొయ్యాలి.

ఆయన పోయి పెద్దకర్మ అయ్యాక, వచ్చిన వాళ్ళంతా వెళ్ళిపోయాక, నేను తొట్టె వైపు చూశాను. తాబేలు మూల నిలబడి ఉంది. వెనక కాళ్ళ మీద, మనిషిలా. ముందు కాళ్ళతో గాజుని గీరుతోంది. తల నీళ్ళ పైకి పెట్టి నోరు తెరుస్తోంది. నేను బిందెడు నీళ్ళు తెచ్చి పోశాను. అంచు దాటి కింద బల్ల తడిసింది.

మర్నాడు కూడా అలాగే ఉంది. మా మరిది కిందకొచ్చి చూశాడు.

"గాలి చాలట్లేదు వదినా. మోటారు పెడదాం" అన్నాడు.

సాయంత్రానికి చిన్న మోటారు తెచ్చి బిగించాడు. నీళ్ళలో బుడగలు వస్తున్నాయి. తాబేలు ఆ బుడగలకి అటూ ఇటూ కొట్టుకుపోయి మళ్ళీ మూలకే వచ్చి నిలబడింది. మా మరిది రోజూ పొద్దున్నే డ్యూటీకి వెళ్ళే ముందు బకెట్టుతో దిగివచ్చి తొట్టె నింపేవాడు. నేను నింపానన్నా వినడు. వెళ్ళే ముందు మా ఆయన నాతో అన్న మాట నేనే వాడికి చెప్పాను. అది వాడు పట్టుకున్నాడు. వాళ్ళ అన్నయ్యకి ఇంక చెయ్యడానికి మిగిలిన పని అదొక్కటే అన్నట్టు చేసేవాడు.

కొన్నాళ్ళకి అది మేత ముట్టడం మానేసింది. కళ్ళు వాచాయి. ఒకరోజు నీళ్ళు మారుద్దామని చేత్తో పట్టుకుంటే దాని చిప్ప అంచు నా బొటనవేలి కింద మెత్తగా నొక్కుకుంది, నానిన అట్టలాగా. వీపు మీద తెల్లగా పొక్కులు. నేను దాన్ని బకెట్లో వేసి తోడికోడలిని పిలిచాను.

"అక్కా, ఇది మునిగిపోతోందేమో" అంది.

"తాబేలు మునిగిపోవడం ఏంటే."

"ఏమో. నాకు అలా అనిపిస్తోంది. ఒడ్డు కోసం గీరుతున్నట్టు లేదూ?"

నేను నమ్మలేదు. కానీ భయం మాత్రం పట్టుకుంది. అది చచ్చిపోవడం గురించి కాదు. చెరువుల మీద చచ్చినవి చాలా చూశాను. మా ఆయన ఈ లోకంలో ఆఖరుగా చెప్పిన మాట నీళ్ళు నింపమని. నేను నింపుతున్నాను, వాడూ నింపుతున్నాడు. ఇలా నింపగా నింపగా అది చచ్చిపోతే, ఆయన మాట వల్ల చచ్చిపోయినట్టు. ఆ మాటకి అలాంటి పేరు రావడం నాకిష్టం లేదు. అంతకు మించి నాకేమీ లేదు.

దాన్ని కొన్న షాపు తాడేపల్లిగూడెంలోనే కదా అని తోడికోడలూ నేనూ రైలెక్కాం. మూత ఉన్న స్టీలు బకెట్లో నిండా నీళ్ళు పోసి, అందులో తాబేలుని పెట్టి, నా కాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చున్నాను. భీమడోలు దాటేసరికి చీర కుచ్చిళ్ళన్నీ తడిసిపోయాయి. ఎదురుగా కూర్చున్నావిడ చాలాసేపు చూసింది.

"ఏం చేపండీ అది? కొర్రమీనా?"

"చేప కాదండి. తాబేలు."

ఆవిడ కాళ్ళు పైకి లాక్కుంది. "తాబేలుని రైల్లో తీసుకెళ్తారటండీ?"

"టిక్కెట్టు తియ్యలేదండి దానికి. దించేస్తారంటారా?" అంది మా తోడికోడలు.

"ఎక్కడ వదుల్తారేంటి?"

"వదలడానికి కాదండి. ఒంట్లో బాగోలేదు. చూపించడానికి తీసుకెళ్తున్నాం."

ఆవిడ కిటికీలోంచి బయటకి చూస్తూ అంది: "మా అత్తగారు ఏడాది నుంచీ మోకాళ్ళు చూపించమంటున్నారు. ఆవిడకి లేదు ఈ యోగం."

పక్కనున్న పెద్దాయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. నిజంగానే అంది.

షాపు మార్కెట్టు పక్క సందులో ఉంది. గోడంతా రంగు చేపల తొట్టెలు. షాపాయన కోమట్ల ఆయన, నిదానమైన మనిషి. బకెట్టు మూత తీసి చూసి, ముందు మా వంక చూశాడు.

"ఇన్ని నీళ్ళలో మోసుకొచ్చారేంటండీ పాపం. తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుంటే సరిపోయేదిగా."

"నీళ్ళు లేకుండానా? ఏలూరు నుంచి?"

"మనం రావట్లేదాండి నీళ్ళు లేకుండా? ఇదీ అంతేనండి. మనలాగే ముక్కుతో గాలి పీలుస్తుంది. ఇంట్లో ఎక్కడ ఎక్కి కూర్చుంటుందండి ఇది?"

"ఎక్కడానికి ఏముంది? నీళ్ళలో ఉంటుంది."

"రాయీ, చెక్కా, ఏమీ పెట్టలేదా?"

"ఏమీ లేదు. నిండా నీళ్ళు."

ఆయన తాబేలుని బయటకి తీసి బల్ల మీద పాత పేపరు వేసి పెట్టాడు. అది మెడ లోపలికి లాక్కుంది. చిప్ప అంచు నొక్కి చూశాడు. మా ఆయన కొన్నప్పుడు తాను చెప్పానన్నాడు. "చెప్పానండి సారుగారికి. ఎండ పడాలి, ఒంటికి ఆరే చోటు ఉండాలి అని. ఆయనేమో, 'నేను పుట్టి పెరిగిందే నీళ్ళ మీద, నాకు చెబుతావేంటయ్యా' అన్నారు. నేనింకేం అంటానండి." తర్వాత మా ఆయన పోయారని చెబితే, రెండు కుర్చీలు లాగి మమ్మల్ని కూర్చోమన్నాడు.

షాపాయన చెప్పింది ఇది. రోజూ కొంతసేపు తాబేలు నీళ్ళలోంచి బయటకొచ్చి ఎండలో పూర్తిగా ఆరాలి. ఆరితేనే చిప్ప గట్టిగా ఉంటుంది, పాచి పట్టదు. ఎండ గాజులోంచి వస్తే లాభం లేదు, నేరుగా దాని వీపు మీద పడాలి. ఎక్కి దిగడానికి వాలుగా దారి ఉండాలి. ఎక్కిన చోట చుక్క నీరు ఉండకూడదు. అది మూల నిలబడి గీరింది గాలి లేక కాదు, ఎక్కడానికి చోటు లేక. నాకు పొక్కుల మీద రాసే మందూ, కంట్లో చుక్కలూ, గీకి పొడి చేసి మేతలో కలపమని, సముద్రపు నురుగు అంటారట, సుద్దలాంటి తెల్లటి ముక్కా ఇచ్చాడు.

"ఎక్కే గట్టు ఒకటి కట్టండి చాలండి" అన్నాడు. "లేకపోతే పదిహేను రోజులు కూడా ఉండదు."

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో నాకు మా గట్లే గుర్తొచ్చాయి. కొల్లేటి గట్ల మీద అన్నేళ్ళు ఉన్నాను. తాబేళ్ళు చూడలేదా అంటే రోజూ చూశాను. నేను బిందె పట్టుకుని గట్టు మీద నడుస్తుంటే, ముందు ముందు బుడుంగు బుడుంగుమని నీళ్ళలోకి దూకేవి. నాకు తెలిసింది ఆ దూకడమే. అవి దూకక ముందు గట్టు మీద ఎండలో ఏం చేస్తున్నాయని నేను ఎప్పుడూ అనుకోలేదు. మా ఆయనా అనుకుని ఉండరు. చెరువు మీద మనిషి నీళ్ళకేసి చూస్తాడు. నీళ్ళలో పడ్డదే చూస్తాడు.

ఇంటికొచ్చి మా మరిదితో చెప్పాను. నీళ్ళు సగానికి దించెయ్యాలి, తొట్టెని మెట్ల కింద నుంచి తీసి పెరటి వరండాలో పొద్దుటి ఎండ పడే చోట పెట్టాలి, అందులో గట్టు కట్టాలి అని.

"సగానికా? అన్నయ్య అంచు దాకా పొయ్యమన్నాడని నువ్వే చెప్పావు కదా వదినా."

"అన్నారు."

"మరి? షాపువాడు చెప్పింది ఎక్కువా మనకి?"

"మీ అన్నయ్య ఆ మాట నాతో అన్నారు. దించాలో నింపాలో నేను చూసుకుంటాను."

వాడికి కోపం వచ్చింది. వాడికి కోపం వస్తే గొంతు తగ్గుతుంది. "ఇంతకన్నా కొల్లేట్లో వదిలేస్తే సరిపోతుంది. కొల్లేటికోట దాకా బండి మీద తీసుకెళ్ళి వదిలేసి వస్తాను. దాని బతుకు అది బతుకుతుంది."

"షాపాయన వదలొద్దన్నాడు. ఇది మన నీళ్ళ జాతి కాదట. వదిలితే అక్కడి తాబేళ్ళ తిండి తినేస్తుందట."

"ఆ మెత్తబడ్డ చిప్పతో అది ఎవరి తిండి తింటుంది వదినా."

"తినలేకపోతే అదే ఎవరికో తిండి అవుతుంది. నేను వదలను."

వాడు మేడెక్కి వెళ్ళిపోయాడు. మర్నాడు ఆదివారం. నేను తాబేలుని స్టీలు బకెట్లో వేసి, పైపు ముక్క తొట్టెలో పెట్టి, రెండో చివర నోటితో ఓసారి లాగి, ఇంకో బకెట్లోకి వదిలాను. నీళ్ళు దిగుతున్నాయి. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఒక్కరోజు కూడా తగ్గనివ్వని నీరు అది. గాజు మీద అంచు పొడుగునా పాచి గీత ఉంది. నీరు దాని కిందకి దిగింది. నాకు ఏమైనా అవుతుందేమో అనుకున్నాను. ఏమీ కాలేదు. బకెట్టు నిండితే మొక్కల్లో పోసి మళ్ళీ పెట్టాను.

ఖాళీ తొట్టె కూడా మా ఇద్దరు ఆడవాళ్ళ వల్ల కాలేదు. తోడికోడలు మేడ మెట్ల దగ్గర నిలబడి పిలిచింది.

"ఏవండీ, ఒకసారి రండి, తొట్టె ఎత్తాలి."

"నేను ఎత్తను" అన్న మాట వినిపించింది. తర్వాత చెప్పుల చప్పుడు. వచ్చి ఎత్తాడు. వరండాలో గోనెసంచి నాలుగు మడతలు వేసి, దాని మీద దించి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయాడు. గోనెసంచి వెయ్యమని నేను చెప్పలేదు. గాజు కింద మెత్తగా ఉండాలని వాడికే తోచింది.

నీళ్ళు సగం దాకా పోసి, మొదట మేం పెట్టింది తెర్మాకోలు మూత. చేపలకి ఐసు వేసి పంపే పెట్టెది. నీళ్ళ మీద తేలుతుంది కదా, దాని మీద ఎక్కుతుందని తోడికోడలి ఆలోచన. తాబేలు ముందు కాళ్ళు వేసింది. మూత ఓ పక్కకి వొరిగి దాన్ని నీళ్ళలోకి జారవిడిచింది. మళ్ళీ వేసింది, మళ్ళీ జారింది. ఆఖరికి దాని అంచు కొరకడం మొదలుపెట్టింది. అన్నం ముట్టనిది తెర్మాకోలు నములుతోంది. గబగబా తీసేశాం.

తర్వాత ఇటుకలు. పక్కింట్లో గోడ కట్టగా మిగిలినవి అడిగి తెచ్చాం. వాటిని బకెట్లో నానబెట్టి, నీళ్ళు మారుస్తూ, ఎర్ర నీరు రావడం ఆగేదాకా కడిగాను. తొట్టెలోపల కూడా అడుగున రబ్బరు షీటు ముక్క పరిచి ఓ మూల పేర్చాను. గట్టు కట్టడం నాకు కొత్త కాదు. వానాకాలంలో గండి పడితే ఆడామగా అందరం తట్టలు మోసిన వాళ్ళమే. కింద వెడల్పు, పైకి వచ్చేకొద్దీ సన్నం, వరస మీద వరస, అతుకు మీద అతుకు రాకుండా పెట్టాలి. ఇటుకలు కదలకుండా వల దారంతో కట్టాను. పైన చదునుగా ఒక పలక రాయి.

వాలుకి పాత ఇంటి పెంకు వేశాను. అది నున్నటి వైపు పైకి పెడితే జారింది. గీతలున్న వైపు పైకి తిప్పాను. తోడికోడలు దాని మీద వల ముక్క చుడదామంది, గోళ్ళకి పట్టు దొరుకుతుందని. వద్దన్నాను. వలలో గోళ్ళు చిక్కుకుని కదల్లేక పడున్న తాబేళ్ళని మా ఆయన విడిపించడం చూశాను. పెంకు కింద చివర నీళ్ళలో మునిగేలా, పై చివర పలకకి ఆనేలా సర్ది, అడుగున రాయి అడ్డం పెట్టాను. తొట్టెలో ఓ పక్క నీడ కోసం మేతసంచి చింపి కప్పాను. కాకులూ పిల్లులూ రాకుండా పైన పాత వల. నీళ్ళు పలకకి బెత్తెడు, నాలుగు వేళ్ళంత, కింద ఉండేలా పోశాను.

తాబేలుని మళ్ళీ దింపాం. అది నీడలోకి పోయి అడుగున కూర్చుంది.

మేం కుర్చీలు వేసుకుని చూశాం. అది చూస్తోంది, మేం చూస్తున్నాం. ఎక్కలేదు. మర్నాడూ ఎక్కలేదు. నేను దాన్ని పట్టుకుని పలక మీద పెట్టాను. నేను చెయ్యి తియ్యగానే బుడుంగున దూకింది. మందు రాయడానికి తీసినప్పుడు తప్ప ఎండ తగలడం లేదు. మేత ముట్టడం లేదు. మా మరిది పైనుంచి దిగుతూ అన్నాడు:

"ఎక్కట్లేదుగా."

"ఎక్కుతుంది."

"నీళ్ళు నింపెయ్యనా పోనీ?"

"వద్దు."

"చచ్చిపోతే?"

నేను మందు డబ్బా తీసుకుని తొట్టె దగ్గరకి వెళ్ళాను. షాపాయన చెప్పిన పదిహేను రోజుల్లో కొన్ని అయిపోయాయి. దాని కళ్ళు వాపుతో సగం మూసుకునే ఉన్నాయి. రాత్రి పడుకుంటే, నేను నీళ్ళు దించకపోతే బాగుండేదేమో అని ఒక వైపు, దించడం ఆలస్యమైందేమో అని ఇంకో వైపు.

ఓ పొద్దున్న తోడికోడలు తొట్టె దగ్గరకి అడుగు వేయగానే నీళ్ళలో చప్పుడైంది. చూస్తే తాబేలు అడుగునే ఉంది. కానీ పెంకు మీద తడి ఉంది. సగం దాకా తడి.

"అక్కా, ఎక్కబోయిందే" అంది.

అప్పుడు నాకు తెలిసింది. గట్టు మీద మనిషిని చూస్తే దూకేవి కదా. మేం కుర్చీలు వేసుకుని కూర్చుంటే ఎందుకు ఎక్కుతుంది. వరండాకి అడ్డంగా నా పాత చీర కట్టాను. ఆ పూట నుంచీ పెరట్లోకి ఎవరూ వెళ్ళకూడదని చెప్పాను. గిన్నెలు వీధి వైపు పంపు దగ్గరే కడుక్కున్నాం. బట్టలు మేడ మీద ఆరేసుకున్నాం. తోడికోడలు ఫోను కూడా వీధి గుమ్మంలోకి వెళ్ళి మాట్లాడేది. మా మరిది మాత్రం నవ్వాడు. "తాబేలుకి ఘోషా పెట్టావా వదినా" అన్నాడు.

ఎన్నో రోజో చెప్పలేను. వంకాయలు తరుగుతున్నాను. చీర చిరుగులోంచి ఎండ పడుతోంది. ఊరికే అటు చూశాను. పలక మీద ఉంది. మెడ బారెడు సాచింది. వెనక కాళ్ళు రెండూ వెనక్కి, వేళ్ళు విచ్చుకుని, గాలిలోకి చాపి పెట్టింది. అదెలా ఉందంటే, పని అంతా అయ్యాక గడప మీద కాళ్ళు బారజాపుకుని కూర్చున్న ఆడమనిషిలా ఉంది. వీపు సగం ఆరింది, సగం ఇంకా తడి. కళ్ళు మూసుకుంది. ఇవి వాపు వల్ల మూసుకున్న కళ్ళు కావు.

సరిగ్గా అప్పుడే మా మరిది బకెట్టుతో మేడ దిగుతున్నాడు. వాడు తొట్టె నింపడం మానలేదని అప్పుడు తెలిసింది నాకు. నేను చూడనప్పుడు చెంబెడు చెంబెడు పోస్తున్నాడన్నమాట. నేను చెయ్యెత్తాను. వాడు ఆగాడు. నేను చీర వైపు చూపించాను. వాడు వంగి చిరుగులోంచి చూశాడు. బకెట్టు కింద పెడితే చప్పుడవుతుందని అలాగే పట్టుకుని నిలబడ్డాడు. బకెట్టు ఓ పక్కకి ఒరిగి, నీళ్ళు పాదం మీద కారుతున్నాయి. ఎంతసేపు నిలబడ్డాడో. వాడి ముఖం నేను చూడలేదు. నేను వంకాయలు చూసుకుంటున్నాను. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి, ఆ బకెట్టు పైకి మోసుకెళ్ళిపోయాడు.

ఆ రోజు సాయంత్రం అది సముద్రపు నురుగు పొడి కలిపిన మేత నాలుగు గింజలు తింది.

ఇప్పుడు చిప్ప గట్టిపడింది. పాత పొరలు పలచటి పొట్టులా ఊడి వస్తున్నాయి. అంచు మాత్రం ఓ చోట వంకర. అది అలాగే ఉండిపోతుందని షాపాయన ఫోనులో చెప్పాడు. ముసురు పట్టిన రోజుల్లో పలక మీదకి బల్బు వేలాడదీస్తున్నాం. ఎండకి బల్బు సాటి రాదన్నాడు గానీ, కనీసం ఒళ్ళు ఆరుతుంది. నీళ్ళు పలకకి బెత్తెడు కిందే ఉంటాయి. ఆవిరై తగ్గితే మా మరిదే పోస్తాడు. నాలుగు వేళ్ళూ పెట్టి కొలిచి పోస్తాడు.

మా ఆయన మాట నేను తప్పానా అంటే తప్పాను. ఆయన ఉండి ఉంటే నీళ్ళు దించనిచ్చేవారు కాదు, అదీ తెలుసు. చెప్పినా వినరు. తాబేలు మాత్రం బతికి ఉంది. నాకు కావలసింది అదే కాబట్టి ఇంక దాని గురించి ఆలోచించడం లేదు.

ఇంతే అమ్మా. రాశావా అంతా? తెర్మాకోలు కొరికింది, అది కూడా రాశావా? రైల్లో ఆవిడ మాట నువ్వు బాగుందని ఎక్కువ చేసి రాయలేదు కదా. ఏదీ, మొదటి నుంచీ చదువు. నిదానంగా చదువు, నేను వింటాను.